తిరుపతి నుంచి మంచు వాలుకు: స్కీయింగ్ ఎక్కడ నేర్చుకోవాలి, ఏది కొనాలి, ఏది అద్దెకు తీసుకోవాలి

మా ఎదురింటి అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడాది. పోయిన దీపావళి సెలవుల్లో ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మామా, ఈ స్కీలు చూడు, సగం రేటుకే ఇస్తా ఉండారు. కొనేదా?" అన్నాడు. తెర మీద ఎర్రటి రేసు స్కీలు మెరుస్తున్నాయి. వాడు చూసిన చలంతా మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ చలే. మంచును చేత్తో తాకింది లేదు. "ముందు కూర్చో నాయనా" అన్నాను. ఆ రోజు వాడికి చెప్పిన మాటలు, ఆ తర్వాత వాడి స్నేహితులు వచ్చి అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకు మంచు దొరికేది ఏడాదికి ఒక వారం, మహా అయితే రెండు వారాలు. అందుకని ఏ రెండింటి మధ్య తేల్చుకోవాల్సి వచ్చినా నేను అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల మంచు మీద నేను నిలబడే గంటలు పెరుగుతాయా, తగ్గుతాయా? డబ్బు సంగతి ఆ తర్వాత చూస్తాను.

గుల్మార్గా, ఔలీయా, మనాలీయా?

తొమ్మిది రోజులు సెలవు పెట్టారనుకుందాం. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు రేణిగుంట నుంచి గానీ, చెన్నై నుంచి గానీ, బెంగళూరు నుంచి గానీ విమానాలు మారి శ్రీనగర్ చేరితే అక్కడి నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. మొదటి రోజు రాత్రికి గుల్మార్గ్‌లో పడుకోవచ్చు. ఉత్తరాఖండ్‌లోని ఔలీకి ఢిల్లీ, అక్కడి నుంచి రుషీకేశ్, అక్కడి నుంచి జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. రానూ పోనూ కలిపి నాలుగు రోజులు దారిలోనే పోతాయి. హిమాచల్‌లోని మనాలీకి ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సు. ఈ లెక్క వేసుకుంటే గుల్మార్గ్‌లో ఆరేడు రోజులు స్కీ మీద ఉండొచ్చు, ఔలీలో నాలుగైదు.

ఔలీకి నా మనసులో ఒక ప్రత్యేక స్థానం ఉంది. జోషీమఠ్ మనకు కొత్త ఊరు కాదు. బదరీనాథ్ వెళ్ళిన మన పెద్దవాళ్ళందరూ ఆ దారినే వెళ్ళారు, అక్కడి నరసింహస్వామి గుడిలో దండం పెట్టుకున్నారు. ఔలీ వాలు కూడా నేర్చుకునేవాడికి చాలా అనువైనది. పొడవుగా, సాఫీగా ఉంటుంది, చుట్టూ దేవదారు చెట్లు, ఎదురుగా నందాదేవి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల పోటీలు అక్కడ జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ ఏడు రోజుల కోర్సు, పద్నాలుగు రోజుల కోర్సు నడుపుతూ వచ్చింది. కానీ 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఊరి నుంచి ఔలీకి వెళ్ళే రోప్‌వే ఆపేశారు. బయల్దేరే ముందు రోప్‌వే సంగతీ, మంచు సంగతీ రెండూ ఫోన్ చేసి కనుక్కోండి. ఔలీ ఎత్తు సుమారు 2,500 నుంచి 3,000 మీటర్లు. మంచు తక్కువ పడిన ఏడాది కింది భాగంలో గడ్డి బయటపడుతుంది.

గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన తిరుమల కొండకు మూడింతలు. మొదటి రోజు నాలుగు అడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది, కంగారు పడొద్దు. ఊళ్ళోనే మెత్తటి వాలులు, వాటి పైకి తీసుకుపోయే చిన్న లిఫ్టులు ఉన్నాయి, కొత్తవాళ్ళకు అవే చాలు. గోండోలా, అంటే తీగ మీద నడిచే డబ్బా, మొదటి దశలో కొంగ్‌దూరీ దాకా వెళ్ళొచ్చు, కాస్త మలుపులు తిరగడం వచ్చాక అక్కడికి వెళ్ళాలి. రెండో దశ అఫర్‌వట్ కొండ భుజం దాకా, 3,900 మీటర్ల పైకి తీసుకుపోతుంది. అక్కడి మంచు ఎవరూ చదును చేయనిది. 2024 ఫిబ్రవరిలో ఆ కొండ మీదే హిమపాతం జారి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. కొత్తవాళ్ళు ఫోటో కోసం పైకి వెళ్ళినా సరే, దిగేటప్పుడు గోండోలాలోనే దిగండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

గుల్మార్గ్‌కైనా మంచు గ్యారంటీ లేదు. 2024 జనవరిలో అక్కడ నేల ఎండిపోయి కనిపించింది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ను ఫిబ్రవరిలో మంచు లేక మార్చికి వాయిదా వేశారు. సంక్రాంతి సెలవులకు టికెట్లు కొనేవాళ్ళను నేను ఆపేది ఇందుకే. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు మేలు. ఇంకో చిన్న సంగతి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్ళు ఒక్కరైనా గుంపులో ఉండాలి.

మనాలీ దగ్గర సోలాంగ్‌లో గంటకోసారి సందర్శకులను నిలబెట్టి, తోసి, ఫోటో తీసి పంపే స్కీయింగే ఎక్కువ. దానికోసం అంత దూరం వెళ్ళొద్దు. కానీ మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ వాళ్ళ స్కీ కోర్సు పూర్తిగా వేరే విషయం. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కోర్సు కూడా అంతే. రెండు వారాలు, హాస్టల్, భోజనం, సామాను, గురువు అన్నీ అందులోనే. పొద్దున వ్యాయామం, క్రమశిక్షణ గట్టిగా ఉంటాయి. విద్యార్థులకు, పెళ్ళికాని కుర్రాళ్ళకు నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఈ కోర్సులే. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి వినాయక చవితి నాటికే ప్రకటనల కోసం చూడటం మొదలుపెట్టాలి. పిల్లలతో, పెద్దవాళ్ళతో కుటుంబంగా వెళ్ళేవాళ్ళు మాత్రం గుల్మార్గ్‌లో హోటల్ తీసుకుని, రోజుకు రెండు గంటలు సొంతంగా గురువును పెట్టుకోవడం మంచిది. ముగ్గురు నలుగురు కలిసి ఒక గురువును పంచుకుంటే డబ్బు ఆదా అవుతుంది గానీ, ఒక్కొక్కరికి వచ్చే వంతు తగ్గిపోతుంది. మొదటి రెండు రోజులైనా విడిగా పెట్టుకోండి.

దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళు కూడా అడుగుతుంటారు. అక్కడి మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లోని స్కీ దుబాయ్ 2005 నుంచి నడుస్తోంది, పెద్ద వాలు పొడవు 400 మీటర్లు. ఏడాదంతా మంచు ఉంటుంది. అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి బడి లేదు, వారం వారం సెలవు రోజున వెళ్ళి ఆగడం, తిరగడం నేర్చుకోవచ్చు. కానీ దానికోసమే తిరుపతి నుంచి విమానం ఎక్కమని చెప్పను.

రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టే స్నోబోర్డా, కాలికొకటి కట్టుకునే స్కీలా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఒకే వారం ఉంటే స్కీలు తీసుకోండి. రెండో రోజుకే మెల్లగా దిగగలుగుతారు. స్నోబోర్డు మొదటి మూడు రోజులూ మోకాళ్ళ మీదా, కూర్చునే చోటా దెబ్బలతోనే గడుస్తుంది.

కొనాలంటే ముందు బూట్లు

ఎదురింటి అబ్బాయికి నేను చెప్పిన మాట ఇదే: "స్కీలు అద్దెకు తీసుకో. చేతిలో డబ్బు ఉంటే బూట్లు కొను. అది కూడా రెండో ఏడాది."

స్కీ అన్నది మనిషికీ మంచుకూ మధ్య ఉండే పలక. ఆ పలకకు మన కాలి మాట చేరవేసేది బూటు. నా మొదటి ఏడాది అద్దె బూట్లు రెండు సైజులు పెద్దవి ఇచ్చారు, మెత్తగా ఉన్నాయి కదా అని నేనూ ఊరుకున్నాను. లోపల పాదం జారుతుంటే నేను ఎడమకు తిరగమంటే స్కీ తనకు తోచినప్పుడు తిరిగేది. మూడో రోజుకు రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి, ఐదో రోజు గదిలోనే కూర్చున్నాను. ఒక రోజు మంచు పోయిందంటే మనకు ఏడాదిలో ఏడో వంతు పోయినట్టే.

బూటు సరిపోయిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగేయండి. ఒట్టి ప్లాస్టిక్ డొప్పలో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడకు ఆనించండి. మడమ వెనక ఎన్ని వేళ్ళు పడతాయో చూడండి. ఒక వేలు నుంచి రెండు వేళ్ళ సందు ఉంటే సరైన సైజు. మూడు వేళ్ళు పట్టాయంటే పక్కన పెట్టేయండి. తర్వాత తొడుగు మళ్ళీ పెట్టి, ఒకే ఒక్క పల్చటి మేజోడుతో వేసుకుని నిలబడండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు కొంచెం తగలాలి, మోకాళ్ళు ముందుకు వంచితే వెనక్కి జరగాలి. చలి కదా అని రెండు మేజోళ్ళు వేసుకునే అలవాటు మనవాళ్ళందరికీ ఉంది. దానివల్ల రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది.

మన పాదాల గురించి కూడా చెప్పాలి. చిన్నప్పటి నుంచీ చెప్పులతో, వట్టి కాళ్ళతో తిరిగిన పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. బూట్ల మీద మిల్లీమీటర్లలో ఒక వెడల్పు రాసి ఉంటుంది, 98 ఇరుకు, 102 వెడల్పు. మనలో చాలామందికి 100 పైనే కావాలి. పొడవు సరిపోయి వెడల్పు ఇరుకైతే, దుకాణం వాళ్ళు ఒక సైజు పెద్దది చేతిలో పెడతారు. తీసుకోవద్దు. వెడల్పు ఎక్కువున్న బూటే అడగండి. ఫ్లెక్స్ అని ఇంకో అంకె ఉంటుంది, బూటు ఎంత గట్టిగా ఉందో అది చెబుతుంది. నేర్చుకునే మగవాళ్ళకు 80, 90 దగ్గర, ఆడవాళ్ళకు 60, 70 దగ్గర చాలు. 130 అంకె రేసులు పరిగెత్తేవాళ్ళది.

స్కీలు, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, బూట్లు అన్నీ కలిపి పది పన్నెండు కిలోలు తూగుతాయి. మన దేశంలో చాలా విమానాల్లో 15 కిలోల సామానుకే అనుమతి. ఇది చూస్తేనే తెలుస్తుంది, ఏడాదికి పది రోజుల లోపు స్కీ చేసేవాళ్ళకు సొంత స్కీలు మోసుకెళ్ళడం దండగని. బూట్లు మాత్రం చేతి సంచిలో పడతాయి. హెల్మెట్ కొనుక్కున్నా తప్పులేదు. కానీ బైకు హెల్మెట్ అక్కడ పనికిరాదు. మెడ మీద బరువు పడుతుంది, పక్కలు కనబడవు, చెవులు మూసుకుపోతాయి.

అద్దె దుకాణంలో బైండింగ్ బిగించేటప్పుడు మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత వచ్చో అడుగుతారు. ఆ లెక్కతోనే, పడినప్పుడు బూటు ఎంత బలానికి స్కీ నుంచి ఊడాలో తిప్పి పెడతారు. దీన్ని డిన్ అంకె అంటారు. ఇక్కడ గొప్పకు పోయి "బాగా వచ్చు" అన్నారంటే, పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంటు తెగుతుంది. వాళ్ళు అడక్కపోతే మీరే చెప్పండి, అంకె వేయించుకోండి.

రేసు స్కీలు, మామూలు స్కీలు

ఇప్పుడు ఆ ఎర్ర స్కీల దగ్గరికి వస్తాను. మూడో ఏడాది నేనూ అలాంటివే కొన్నాను, పాతవి, ఆన్‌లైన్‌లో. 188 సెంటీమీటర్ల జెయింట్ స్లాలమ్ స్కీలు, అంటే వేగంగా పెద్ద మలుపులు తిరిగే రేసువి. పక్కన 30 మీటర్ల రేడియస్ అని రాసి ఉంది. దాని అర్థం అప్పుడు నాకు తెలియదు. స్కీని అంచు మీద వంచి వదిలేస్తే అది గీసే వలయపు సగం అడ్డం అది. 12, 14 మీటర్ల రేడియస్ ఉన్న స్కీ చిన్న వేగంలోనే చక్కగా తిరుగుతుంది. 30 మీటర్లది తిరగాలంటే బాగా వేగం కావాలి, ఆ వేగంలో ధైర్యంగా ముందుకు వాలే ఒళ్ళు కావాలి. నాకు రెండూ లేవు. రెండు రోజులు ఆ వాలు మీద అడ్డంగా జారుతూ గడిపాను. మా గురువు కశ్మీరీ పెద్దాయన, ఏమీ అనకుండా తన కొట్లోంచి 160 సెంటీమీటర్ల పాత స్కీలు తెచ్చి నా ముందు పెట్టాడు. వాటి మీద మధ్యాహ్నానికే నా జాడలు మంచులో రెండు సన్నటి గీతల్లా పడ్డాయి. ఆ గీతలు చూసిన ఆనందం ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి కొత్తవాళ్ళు గడ్డం దాకా, రెండో మూడో ఏడాది వాళ్ళు ముక్కు దాకా వచ్చే స్కీలు తీసుకోండి. రేడియస్ 15 మీటర్ల లోపు. నడుము, అంటే స్కీ మధ్య వెడల్పు, 70 నుంచి 80 మిల్లీమీటర్లు. గుల్మార్గ్‌లో 100 మిల్లీమీటర్ల వెడల్పు స్కీలు కూడా ఇస్తారు. అవి పైనున్న లోతైన పొడి మంచు కోసం, మనకోసం కాదు.

రేసుల మీద మనసున్నవాళ్ళకు స్లాలమ్‌తో మొదలుపెట్టమంటాను. గేట్లు, అంటే చుట్టి తిరగాల్సిన కర్రలు, దగ్గర దగ్గరగా ఉంటాయి, వేగం తక్కువ, పాదాల పని ఎక్కువ, చిన్న వాలు మీద కూడా సాధన చేయొచ్చు. పోటీ నియమాల్లో మగవాళ్ళ స్లాలమ్ స్కీ కనీస పొడవు 165, ఆడవాళ్ళది 155 సెంటీమీటర్లు. ఆ పొడవు స్కీని మామూలుగా తిరగడానికి కూడా వాడుకోవచ్చు. జెయింట్ స్లాలమ్ ఆ తర్వాత. సూపర్ జీ, డౌన్‌హిల్ అన్నవి గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగాలు, టీవీలో చూసి ఆనందించండి.

రేసులో మొదటి గొప్ప కిందికి చేరడమే. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన ఆరిఫ్ ఖాన్, గుల్మార్గ్ కింద తంగ్‌మార్గ్ కుర్రాడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో వచ్చాడు. ఆ రోజు విపరీతంగా మంచు కురుస్తుంటే దిగిన వాళ్ళలో చాలామంది రెండో రౌండు పూర్తయ్యేదాకా నిలవలేదు. అతను రెండు రౌండ్లూ పూర్తి చేశాడు. మూడు రోజుల తర్వాత స్లాలమ్‌లో మొదటి రౌండే పూర్తి కాలేదు. అంత అనుభవం ఉన్న మనిషికే అలా జరిగింది. మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచినప్పుడు, అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి అదే మొదటి పతకమని పత్రికలు రాశాయి. వీళ్ళిద్దరూ మంచు ఇంటి ముందే ఉన్న ఊళ్ళలో పెరిగారు. మన పిల్లలు ఏడాదికి రెండు వారాలతో అక్కడికి చేరలేరు. కానీ గేట్ల మధ్య గడియారం పెట్టి దిగి, నిన్నటి కన్నా ఒక సెకను తగ్గించుకోవడం ఎవరికైనా సాధ్యమే.

మైనమా, పదునా

సొంత స్కీలు ఉన్నవాళ్ళు అడిగేది ఇది. చేతిలో ఒక్క గంటే ఉంటే స్కీ అడుగున మైనం పట్టించాలా, ఉక్కు అంచులకు పదును పెట్టాలా? గుల్మార్గ్ పొద్దుటి వాలు గట్టిగా, గాజులా ఉంటే పదును. మధ్యాహ్నం మంచు తడిసి స్కీలు అతుక్కుంటుంటే మైనం. ఫిబ్రవరిలో నేను పదునుకే ఓటేస్తాను, మార్చిలో మైనానికి.

మైనం పట్టించడానికి ఆవిరి రంధ్రాలు లేని ఇస్త్రీ పెట్టె ఒకటి పాతది పక్కన పెట్టుకోండి. అది మళ్ళీ బట్టలకు పనికిరాదు. మైనం కరిగి చుక్కలుగా పడాలి గానీ పొగ రాకూడదు. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు, స్కీ అడుగు కాలిపోతుంది. పెట్టెను ఒకచోట ఆపకుండా ముందు నుంచి తోక దాకా నడపండి. పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకి, బ్రష్షుతో తుడవాలి. పసుపు మైనం వెచ్చటి మంచుకు, నీలం బాగా చల్లటి మంచుకు అన్నది చాలా కంపెనీల్లో ఉండే ఆనవాయితీ. ఫ్లోరిన్ మైనాల జోలికి పోవద్దు, అంతర్జాతీయ పోటీల్లో 2023-24 సీజన్ నుంచి వాటిని నిషేధించారు.

పదును కోసం వీధిలో కత్తులు సానపట్టే ఆయనకు మాత్రం ఇవ్వకండి. తిరిగే రాయి వేడికి ఉక్కు అంచు పాడవుతుంది, కోణం కూడా పోతుంది. అంచు కోణం తప్పకుండా చూసే 88 డిగ్రీల గైడు ఒకటి, చిన్న వజ్రపు రాయి ఒకటి ఉంటే ఇంట్లోనే ఐదు నిమిషాల పని.

అసలు కష్టం మన వాతావరణంతోనే. ఒక మార్చిలో తిరిగొచ్చి, స్కీలను తడి సంచిలోనే అటక మీద పెట్టేశాను. మేలో ఎండకు మిద్దె కాలింది, నవంబరులో తుఫాను వానలు. డిసెంబరులో సంచి విప్పితే అంచుల పొడవునా ఇటుక రంగు తుప్పు. ఇప్పుడు రాగానే పొడి గుడ్డతో తుడిచి, అంచులకు కుట్టు మిషను నూనె పల్చగా రాస్తాను. అడుగున మైనం మందంగా పోసి, గీకకుండా అలాగే వదిలేస్తాను. సంచిలో పెట్టను. మంచం కింద, కింది అంతస్తులో, గాలి తగిలేచోట ఉంచుతాను. బూట్ల బకిళ్ళు వదులుగా పెట్టి మూస్తాను, లేకపోతే డొప్ప ఆకారం మారుతుంది.

అలిపిరా, శ్రీవారి మెట్టా

డిసెంబరు నుంచి ఒంటిని సిద్ధం చేసుకోవడానికి మన ఊళ్ళో ఉన్నంత మంచి చోటు ఇంకెక్కడా లేదు. మనం కొండ నడిచి ఎక్కి, బస్సులో దిగుతాం. స్కీయింగ్‌కు కావాల్సింది దిగడమే. దిగేటప్పుడు తొడ ముందు కండరం బరువును ఆపుతూ సాగుతుంది, మంచు వాలు మీద రోజంతా అది చేసే పని అదే. అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, మధ్యలో చదును నడక చాలా ఉంది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, వరసగా మెట్లే. మోకాళ్ళు బాగున్న కుర్రాళ్ళు వారానికి రెండుసార్లు శ్రీవారి మెట్టు దిగండి. నలభై దాటినవాళ్ళు అలిపిరి దారిలో, మోకాళ్ళ మిట్ట దగ్గర ఆగి ఆగి, దిగడం మేలు. ఎక్కే భక్తులకు అడ్డం రాకుండా ఒక పక్కగా దిగండి.

మా ఎదురింటి అబ్బాయి ఎర్ర స్కీలు కొనలేదు. కోర్సుకు దరఖాస్తు పెట్టాడు, ఆదివారం ఆదివారం నాతో శ్రీవారి మెట్టుకు వస్తున్నాడు. మొదటి వారం దిగాక రెండు రోజులు మేడ మెట్లు పట్టుకుని దిగాడు. నాలుగో వారానికి ఆ నొప్పి పోయింది.